ఆగిన చోట్ల లెక్క

రోలాల కార్గో దుకాణం కాటా మీద
ఇయ్యాల మళ్ల నిలబడ్డ.
ఎనభై ఆరు.
పోయిన నెలా ఎనభై ఆరే, రంజానుకు ముందూ ఎనభై ఆరే.
అట్టపెట్టెకు టేపు చుట్టుకుంట సలీం నవ్విండు:
"సముద్రం మీదికెల్లి పంపితే అగ్గువ పడతవే అన్నా,
నలభై రోజులల్ల కోరుట్ల."

కంపెనీ డాక్టరు గూడ గిదే అంకె చూసి
పెన్ను కింద వెట్టిండు.
"ఆర్నెల్లల్ల నడిచినవా అసలు?"
నడిచిన డాక్టర్ సాబ్.
రాత్రి క్యాంపు గోడ చుట్టు,
ఏసీల నీళ్లు కారే సందులకెల్లి.
పోశెట్టి రెండో మారు అన్నం వడ్డియ్యవోతే
పళ్లెం మీద చెయ్యి అడ్డం వెట్టిన.
కాటాకు ఇవేం తెల్వయి.
దానికి నిలబడ్డోడే తెలుసు,
ఎక్కెటోడు తెల్వడు.

నా క్రేనుకు ఇరవై రెండు నిచ్చెనలు.
నిచ్చెన నిచ్చెనకు ఒక ఇనుప జాలి,
రెండు పాదాలు మోపెటంత జాగ.
చలికాలం మొదట్ల నాలుగో జాలి మీదనే కూలవడ్డ.
గుండె వచ్చి చెవులల్ల కొట్టుకున్నది.
జేబుల మార్కరు ఉండె. ఎందుకో,
పచ్చ ఇనుము మీద ఆ నాటి తారీఖు రాసిన.
పంతం గాదు. సిగ్గు.

తర్వాత అయిదు. మళ్ల అయిదే.
జ్వరమొచ్చిన వారం మూడుకు దిగిన, అదీ రాసిన.
ఏడు. తొమ్మిది.
ఇసుకగాలి లేచిన పొద్దు ఎనిమిది.
పదమూడో జాలి మీద ఆగిన నాడు
ఎడమ దిక్కు సముద్రం కనవడ్డది.
పదకొండేండ్లసంది క్రేన్లెక్కుతున్న,
ఈ క్రేను రెండేండ్లసంది,
అక్కడ్నుంచి సముద్రం కనవడుతదని నాకు తెల్వనే తెల్వదు.
ఆ ఎత్తుకు వచ్చెటాల్లకు
ఎప్పుడూ కండ్లు మూసుకొనే ఉంటుంటి.

ఇప్పుడు పందొమ్మిది.
ఇంక మూడు మిగిలినయి, ఉండనియ్యి.

క్యాబిన్ల నా ముందట ఒక తెర.
కొక్కానికి ఏది తగిలిచ్చినా కిలోలల్ల చెప్తది.
కొత్త పోరగాండ్లు దాన్నే చూస్తరు.
నేను చెయ్యిని చూస్త, క్రేను చెయ్యిని.
టన్ను కాంక్రీటు దగ్గర పట్టుకుంటే దూదిపింజ.
అదే టన్ను అరవై మీటర్ల కొసకు జరిపితే
అడుగుదాక ఇనుమంత మూలుగుతది.
బరువు మారలే,
పట్టుకున్న దూరం మారింది.
గీ ముచ్చట నా చేతులకు ఎప్పటిసంది ఎరుకే,
పెయ్యికి చెప్పుడు మర్చిపోయిన.

కింద గుల్ జమాన్, వాకీటాకీల.
పెషావరు దిక్కు మనిషి, మాటలు తక్కువ.
నేను పైకి చేరి బటన్ నొక్కంగనే
నా రొప్పుడు ఇనవడుతుండె గావచ్చు,
"ఉస్తాద్, పహలే పానీ" అంటుండె.
అన్నంక అయిదు నిముషాలు
ఒక్క రేకు గూడ లేపనిచ్చెటోడు గాదు.

మొన్న పొద్దుగాల బటన్ నొక్కి సలాం జెప్పిన.
పానీ మాట లేదు.
"దో టన్, ఉఠావో."
గంతే.
నేను లివరు మీద చెయ్యి వెట్టి
కొద్దిసేపు ఊకెనే కూసున్న.
"క్యా హువా?" అన్నడు కిందికెల్లి.
కుఛ్ నహీ భాయ్, అన్న.

వచ్చే నెల బిల్డింగు అయిపోతది.
క్రేను విప్పుతరు, ముక్క ముక్కకు బోల్టులు తీసి
ట్రెయిలరు మీద అజ్మాన్ సైటుకు కొండవోతరు.
మళ్ల బిగిచ్చినప్పుడు ఏ ముక్క ఏడ వడ్తదో ఎవనికెరుక?
పందొమ్మిదో జాలి తారీఖు అడుగుకు రావచ్చు,
జ్వరం నాటి మూడు అందరికంటె మీదికి పోవచ్చు.
ఇంకో ఆపరేటరు, ఎవడో బెంగాలీ పిల్లగాడు,
ఊపిరాడక ఆగి, చదివి,
ఈడ ఏం రిపేరు జరిగిందో అనుకుంటడు.

అనుకోనియ్యి.
రిపేరే.